వార్ధక్యమున చిరకాల మైత్రి

మనుష్యుని ఆరోగ్యమును గూర్చి చెప్పునపుడు ఆహారము, నీరు, గాలి, నిద్ర, వ్యాయామము అను వానిని పేర్కొనుట పరిపాటి. స్నేహమును ఆ వరుసలో చేర్చుట క్రొత్త మాట. మైత్రి మనస్సునకు సంబంధించినదే కాని దేహముతో దానికి పని లేదని వైద్యులు సైతము చాలకాలము తలంచిరి. ఆ తలంపు నేడు నిలువలేదు. అరువదియేండ్లు దాటినవారి విషయమున రక్తపు పోటు, మధుమేహము ఎట్లు విచారింపదగినవో, వారికి మిగిలియున్న పాత మిత్రులెందరు, వారితో రాకపోక లెట్లున్నవి అనునదియు అట్లే విచారింపదగినది.

ఇందులకు ఆధారములు కలవు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1938లో 268 మంది విద్యార్థుల జీవితములను పరిశీలించుట ప్రారంభమయ్యెను. బోస్టను నగరపు పేదవాడలలో పెరిగిన 456 మంది బాలురను గూర్చిన మరియొక పరిశీలనమును పిమ్మట దీనితో జతపరచిరి. ఎనుబదియేండ్లకు పైగా సాగిన ఈ కృషివలన తేలిన ముఖ్యాంశ మిది: ఏబదియవ యేట తమవారితో తమకు గల సంబంధములయందు తృప్తిగా నుండినవారే ఎనుబదియవ యేట ఎక్కువ ఆరోగ్యముతో నుండిరి. రాబోవు ఆరోగ్యమును సూచించుటలో రక్తమునందలి కొలెస్ట్రాలు ప్రమాణముకంటె ఈ తృప్తియే మేలనిపించుకొనెను. 2010లో 148 పరిశోధనలను, వానియందలి 3,08,849 మంది వివరములను ఒక్కచోట చేర్చి లెక్కగట్టగా, సామాజిక సంబంధములు బలముగా నున్నవారు ఆ పరిశోధనల కాలమున జీవించి యుండుటకు గల అవకాశము తక్కినవారికంటె 50 శాతము హెచ్చని తేలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము 2025లో వెలువరించిన నివేదికయందు, లోకమున ఆరుగురిలో ఒకరు ఒంటరితనమునకు లోనగుచున్నారనియు, ఏటా సుమారు 8,71,000 మరణములకు దానితో సంబంధము కలదనియు పేర్కొనబడినది.

ఈ లెక్కలను చదువునపుడు కొంత జాగ్రత్త అవసరము. మంచమున బడినవాడు మిత్రుని యింటికి పోజాలడు. కావున స్నేహము లేమిచే రోగము వచ్చెనా, రోగముచే స్నేహము సన్నగిల్లెనా యను ప్రశ్న ఎల్లప్పుడును ఉండును. రెండును జరుగుచుండుననుట సత్యమునకు దగ్గర. ఒంటరిగా నున్నవానికి నిద్ర చెడును, ఆకలి తగ్గును, మందు వేసికొనుట మరచినను అడుగువా రుండరు. అటుపిమ్మట ఆ రోగమే వానిని ఇంకను ఒంటరిని చేయును.

కుటుంబ ముండగా మిత్రు డేల?

కొడుకు, కోడలు, మనుమలు గల యింట నున్న పెద్దవానికి ఒంటరితన మేమి యని మన దేశమున పలువురు అడుగుదురు. ప్రశ్న సహజమే. కాని ఒక్క సంగతి గమనింపవలెను. డెబ్బదియేండ్ల పురుషుని ఇంటిలోనివారు నాన్నగారనియు, తాతగారనియు పిలుతురు. వీథిలోనివారు మాస్టారనియో, పెద్దాయన యనియో పిలుతురు. అతనిని "ఒరే" యని పిలుచువాడు ఒక్క బాల్యమిత్రుడే. స్త్రీల విషయ మింకను స్పష్టము. ఆమె ఒకరికి అమ్మమ్మ, ఒకరికి అత్తగారు, ఒకరికి పిన్ని, ఇరుగుపొరుగులకు ఫలానావారి తల్లి. ఆమె పేరుపెట్టి "ఏమే" యని పలుకరించునది తనతో కలిసి బడికి పోయిన చెలికత్తె. పెద్దరికము గౌరవము నిచ్చును గాని దాని బరువు దానికి కలదు. ఆ బరువును క్రిందికి దించి కూర్చుండదగిన చోటు పాత మిత్రుని అరుగే.

మరియు, కుటుంబసభ్యులతో చెప్పరాని మాటలు కొన్ని యుండును. మోకాలి నొప్పి హెచ్చినదని చెప్పిన కొడుకు ఖర్చునకు భయపడునేమో. మూత్రమునకు మాటిమాటికి పోవలసివచ్చుచున్నదని కోడలితో చెప్పుట బిడియము. అదే మాట మిత్రునితో నవ్వుచు చెప్పుదురు. అతడును "నాకును అంతే, డాక్టరుకు చూపించుకొంటిని" అనును. ఎందరో వృద్ధులను ఆసుపత్రి గడప తొక్కించినది ఇట్టి మాటయే.

తెగుట ఎట్లు జరుగును?

పాత స్నేహములు కలహములవలన తెగుట అరుదు. ఎక్కువపాలు అవి ఊరకనే జారిపోవును. ఉద్యోగవిరమణతో ప్రతిదినము కలిసికొనుట పోవును. ఆ పిమ్మట ఒకరు కొడుకు వెంట హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోవుదురు. పండుగకు ఒక పలుకరింపు, ఏడాది కొక పెండ్లిలో కలయిక, తరువాత అదియును లేదు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా, జనాభాలో 8.6 శాతము, ఉండిరి. ఆ సంఖ్య అప్పటినుండి పెరిగినదే కాని తరుగలేదు. ఇందరిలో ఎందరి పాత పుస్తకములయందు మిత్రుల పాత నంబర్లు మాత్రమే మిగిలియున్నవో ఊహింపవచ్చును.

ఇందొక వింత కూడ కలదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరు నెలలో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము నీయవలెను. పూర్వము దానికై బ్యాంకునకో, ఖజానా కార్యాలయమునకో పోయి వరుసలో నిలువబడెడివారు. ఆ వరుసలో పాత సహోద్యోగులు కలిసికొని, ఎవరు ఉన్నారు, ఎవరు పోయినారు అను సమాచారము తెలిసికొని, ప్రక్క హోటలులో కాఫీ త్రాగి విడిపోయెడివారు. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతి వలనను, 2021 నుండి ముఖమును ఫోనులో చూపి ధ్రువపరచు సౌకర్యము వలనను ఈ శ్రమ తప్పినది. నడువలేనివారికి ఇది గొప్ప మేలు. అయినను శ్రమతోబాటు కలయికయు తప్పినది. నడువగలవారు పత్రము నింటినుండియే పంపినను కాఫీ కలయికను మాత్రము మానరాదు.

స్నేహము జారిపోకుండుటకు ఒక నియమిత దినమును మించిన సాధనము లేదు. "ఎప్పుడైన మాట్లాడుకొందము" అను మాట ఎన్నటికిని మాట్లాడుకొనని మాటగా మారును. పింఛను వచ్చు దినమో, ప్రతి ఆదివారము ప్రొద్దున టిఫిను పిమ్మటనో, ఏకాదశి సాయంకాలమో, ఒక సమయము నిర్ణయించుకొనవలెను. విదేశమున నున్నవానితోనైన కాలభేదమును లెక్కించి ఒక గంటను గోడ కాలెండరుపై వ్రాసికొనవలెను. ఎవరు ముందుగా ఫోను చేయవలెనను లెక్క మరి పనికిరాదు. "పోయినసారి నేనే చేసితిని గదా" యని ఊరకుండువారు పలువురు. అవతలివాడు కూడ సరిగా అదే మాట అనుకొనుచుండును. ఉదయము లేచి ఫోనులో పూలబొమ్మతో శుభోదయము పంపుట ఉనికిని తెలుపును గాని సంభాషణ మనిపించుకొనదు. పోస్టుకార్డు మన దేశమునకు 1879లో వచ్చినది. నేటికిని పోస్టాఫీసులో దొరకును. చేతివ్రాతతో వచ్చిన నాలుగు పంక్తులను పదేపదే చదువుకొనవచ్చును. ఫోను మాటకు ఆ సౌలభ్యము లేదు.

ప్రయాణము చేయగలవారు చేయుటయే మంచిది. రైళ్ళయందు వృద్ధులకు ఉండిన ఛార్జీ రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది. కాని 60 ఏండ్లు దాటిన పురుషులకును, 45 ఏండ్లు దాటిన స్త్రీలకును క్రింది బెర్తుల కోటా కలదు. టిక్కెట్టు తీయునపుడు దానిని అడుగవలెను.

స్త్రీల స్నేహములను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. పురుషుని బాల్యమిత్రులు ఊరిలోనే యుండుట సంభవము. స్త్రీ పెండ్లియైన వెంటనే ఊరు విడిచినది. చెలికత్తెయు మరియొక యూరికి పోయినది. అత్తవారింట ఉత్తరమును ఎవరో చదివి ఇచ్చెడివారు. ఆ యెడబాటు నలువది, ఏబది యేండ్లు సాగినను ఆ స్నేహము చచ్చినదని తలంపరాదు. పుట్టింటి యూరిలో విచారించినచో చెలికత్తె ఎచ్చటనున్నదో తెలియకపోదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండియు ఆర్.టి.సి. పల్లెవెలుగు మున్నగు బస్సులలో ఆయా రాష్ట్రముల స్త్రీలకు ఛార్జీ లేదు. తీర్థమునకు పోవునంత ఏర్పాటుతో ఒక్కదినము చెలికత్తె యింటికి పోయివచ్చుటను ఇంటివారు అనవసరపు తిరుగుడుగా భావింపరాదు.

చెవి

వార్ధక్యమున స్నేహమునకు అన్నిటికంటె గూఢముగా కీడు చేయునది చెవుడు. అది ఒక్కసారిగా రాదు. మొదట హెచ్చుస్థాయి ధ్వనులు వినబడకపోవును. స, ష, చ, త, ఫ వంటి హల్లులు జారిపోయి, అచ్చులు మాత్రము మిగులును. అందుచే ఆ వ్యక్తి "వినబడుచున్నది గాని అర్థమగుట లేదు" అనును. ఇద్దరు మాట్లాడుచుండగా బాగుగనే యుండును. నలుగురు చేరిన అరుగుమీద, టెలివిజను మ్రోగుచున్న గదిలో, పెండ్లిపందిటిలో ఏమియు తెలియదు. ఫోనులో పెదవులు కనబడవు గావున అది మరింత కష్టము.

ఆ దశలో అతడు చేయునదేమి? విన్నట్లు తల యూపును. ఇతరులు నవ్వినపుడు నవ్వును. ఒకసారి సరిగా వినక అసందర్భముగా బదులు చెప్పి నవ్వుల పాలగును. ఆ పిమ్మట అరుగుకు పోవుట మానును, ఫోను ఎత్తుట మానును. మిత్రులు మాత్రము "వానికి పొగ రెక్కినది" అనియో, "మతి మందగించినది" అనియో అనుకొందురు. ఒక చిన్న శారీరక లోపము ఇట్లు ఏబదియేండ్ల స్నేహమును మ్రింగివేయును. దీని ఫలితము ఇంతతో ఆగదు. మతిమరపు వ్యాధిని గూర్చి లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో సవరింపదగిన 14 కారణములను పేర్కొన్నది. వానిలో వినికిడి లోపమును, సంఘమునుండి వేరుపడి యుండుటయు రెండును కలవు.

చెవుడు గల మిత్రునితో మాట్లాడువాడు ఎదురుగా కూర్చుండవలెను; వెలుతురు తన ముఖముపై పడునట్లు చూచుకొనవలెను. అరువరాదు. అరపువలన ధ్వని పెరుగును గాని స్పష్టత తగ్గును. పైగా ఇంటిలోని రహస్యము వీథిలో పడును. నెమ్మదిగా, మామూలు కంఠముతో పలుకవలెను. ఒక మాట అర్థము కానిచో దానినే మూడుసార్లు చెప్పుటకంటె వేరు మాటలతో చెప్పుట మేలు. దూరమున నున్నవారికి ముఖము కనబడు వీడియో ఫోను ఉపకరించును. అన్నిటికంటె ముందు, మిత్రుని చెవి వైద్యునివద్దకు తోడుకొనిపోవలెను. కొందరికి గులిమి తీసినంతనే వినికిడి బాగుపడును.

వినికిడి యంత్రము అవసరమైనచో దానిని గూర్చి ఒక్క విషయము ముందే తెలిసియుండవలెను: అలవాటగుటకు కొన్ని వారములు పట్టును. మొదట ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, తన కంఠమే తనకు కర్కశముగా నుండును. ఆ బాధ నోర్వలేక దానిని బీరువాలో పెట్టినవారు చాలమంది. ఆ వారములలో దినమునకు అరగంట ఎదురుగా కూర్చుండి తీరికగా మాట్లాడు మిత్రుడొకడున్నచో అలవాటు త్వరగా కుదురును. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు వినికిడి యంత్రములు, కండ్లజోళ్ళు, చేతికర్రలు ఉచితముగా నొసగు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభింపబడినది.

అలుక

స్నేహితుల మధ్య కలహము వచ్చుట అరుదని పైన చెప్పబడినది. వచ్చినపుడు మాత్రము అది మొండిది. వయస్సు మీరినకొలది పట్టుదలయు మీరును. ఇందులకు చరిత్రలో ఒక చక్కని దృష్టాంతము కలదు. అమెరికా అధ్యక్షపదవి నధిష్ఠించిన జాన్ ఆడమ్సు, థామస్ జెఫర్‌సను అనువారు స్వాతంత్ర్యోద్యమమున మిత్రులు. 1800 నాటి ఎన్నికలో ఒకరినొకరు ఎదిరించి విరోధులై, చాల యేండ్లు మాటలు మానిరి. వారిని కలిపినవాడు ఇద్దరికిని మిత్రుడైన బెంజమిన్ రష్ అను వైద్యుడు. ఆయన 1809 నుండి ఇద్దరికిని ఉత్తరములు వ్రాసి ఒప్పింపగా, 1812 జనవరి 1న ఆడమ్సు మొదటి ఉత్తరము వ్రాసెను. అప్పటి కాయనకు 76 ఏండ్లు. పిమ్మట పదునాలుగేండ్లలో వారి నడుమ 150కి పైగా ఉత్తరములు నడచినవి. అందు ఆడమ్సు వ్రాసినవి జెఫర్‌సను వ్రాసినవానికి రెండింతలు. ఆయన లెక్క చూచుకొనలేదు. 1826 జులై 4న, ఒక్కనాడే, ఇరువురును కన్ను మూసిరి. మధ్యవర్తిగా నుండిన వైద్యుని పనికి ఏ మందుల చీటియు సాటిరాదనవచ్చును.

మన దేశముననే రాజాజీ, పెరియారు రామస్వామి అను నిరువురు దైవమును గూర్చియు, రాజకీయములను గూర్చియు జీవితాంతము ఎదురెదురుగా నిలిచిరి. స్నేహమును మాత్రము విడువలేదు. 1972 డిసెంబరులో రాజాజీ 94వ యేట గతించినపుడు 93 ఏండ్ల పెరియారు శ్మశానమునకు వచ్చి కన్నీరు పెట్టెను. అభిప్రాయములు కలియుట స్నేహమునకు అవసరమే కాదని దీనివలన తెలియుచున్నది. నేడు ఫోనులో వచ్చిన ఏదో రాజకీయ వార్తపై మాటలు మీరి స్నేహము తెంచుకొనువారు దీనిని తలచుకొనవచ్చును.

రాజకీయముకంటె ధనము ప్రమాదకరము. ఉద్యోగవిరమణ సమయమున వచ్చిన మొత్తమును మిత్రుడు అడిగినాడని అప్పిచ్చుట, బ్యాంకులో హామీ సంతకము పెట్టుట, ఈ రెంటివలన స్నేహమును, ధనమును కలిసి పోవును. ఇయ్యదలచినచో, తిరిగి రాకున్నను నిద్ర చెడనంత మాత్రమే ఇయ్యవలెను. ఆ మాట ఇచ్చునపుడే మనస్సులో నిశ్చయించుకొనవలెను. బిడ్డల విషయమున కూడ మెలకువ అవసరము. తన కుమారుని ఉద్యోగమును గూర్చి మిత్రుని యింట దీర్ఘముగా వర్ణించువాడు, ఆ యింటి కుమారుడు పని లేక కూర్చున్న సంగతి మరచుచుండును.

జ్ఞాపకము

అడిగినదే అడుగుట, తెలిసిన వీథిలో దారి తప్పుట, పేకాటలో లెక్క తప్పుట వంటి మార్పులను ఇంటివారికంటె ముందు మిత్రుడు కనిపెట్టుట కలదు. అపుడు నలుగురిలో హాస్యమాడరాదు. ఇంటివారితో ఏకాంతమున చెప్పవలెను. వయస్సుతో వచ్చినదని ఊరకుండుట తప్పు. థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము వీనివలన కలుగు మతిమరపు చికిత్సచే తగ్గవచ్చును.

నయము కాని మతిమరపు వ్యాధియే యని తేలినను మిత్రుని పని తీరలేదు. పలువురు ఇచ్చటనే రాకపోక మానుదురు. "నన్నే గుర్తింపడు, పోయి ఏమి లాభము" అందురు. పోవలెను, కాని పోవు పద్ధతి వేరు. "నేనెవరో చెప్పుము" అని పరీక్ష పెట్టరాదు. గడపలోనే తన పేరు, ఊరు, తామిద్దరును ఏ బడిలో చదివిరో చెప్పుకొని కూర్చుండవలెను. ప్రొద్దుటి పూట, అరగంటకు మించకుండ ఉండుట మేలు. నిన్నటి సంగతులు అడుగరాదు. చిన్ననాటి చెరువు, పంతులుగారి బెత్తము, ఊరి నాటకము వీనిని గూర్చి మాట్లాడవలెను. ఈ వ్యాధియందు క్రొత్త జ్ఞాపకములు ముందు పోవును. పాతవి చాలకాలము నిలుచును. పాట, పద్యము ఇంకను ఆలస్యముగ పోవును. కుమారుని పేరు తోచనివాడు తిరుపతి వేంకటకవుల నాటక పద్యమును మిత్రుడు ఎత్తుకొనగనే రాగముతో పూర్తిచేయుట అసంభవము కాదు. గతించిన భార్య ఎచ్చట నున్నదని అతడు అడిగినచో, ఆమె మరణమును ప్రతిపర్యాయము క్రొత్తవార్తగా చెప్పి ఏడిపింపరాదు. ఆమె వంటను గూర్చియో, మాటతీరును గూర్చియో పలికి మాట మరల్చవచ్చును. మిత్రుడు కూర్చున్న ఆ అరగంటలో రోగిని కనిపెట్టుకొని యుండు కోడలో, కూతురో బజారునకు పోయి రాగలుగును. ఆ ఉపకారము చిన్నది కాదు.

మిత్రుడు గతించినపుడు

బంధువు మరణించినచో మైల కలదు, పది దినముల కర్మ కలదు, పరామర్శకు వచ్చువారు కలరు. అరువదియేండ్ల మిత్రుడు మరణించినవానికి ఇవేవియు లేవు. స్నానము చేసి మరునాడు పాలపాకెట్టు తెచ్చుకొనవలసినదే. ఆ దుఃఖమునకు పేరు లేకపోవుటచే ఇంటివారు దానిని గుర్తింపరు. గుర్తింపవలెను. పరామర్శ అతనికిని చెల్లును.

తిరుపతి వేంకటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో గతించెను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆ పిమ్మట ముప్పదియేండ్లు జీవించి, 1950లో మరణించువరకు, తాను వ్రాసిన గ్రంథములను జంట పేరుతోనే ప్రకటించెను. దుఃఖమును పనిలో నిలుపుకొనుట ఒక మార్గము. మిత్రుని భార్యను, బిడ్డలను పండుగలకు పలుకరించుట, మిత్రుడు వెళ్ళు గ్రంథాలయమునకు తానును పోవుట వంటివి అందరికిని సాధ్యములు.

అయితే రెండు వారములు దాటినను తిండి, నిద్ర కుదురక, దేనియందును ఆసక్తి లేక, జీవితము వ్యర్థమను మాట నోట వచ్చుచున్నచో అది వట్టి దుఃఖము కాదు, వ్యాధి. దానికి చికిత్స కలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరునకు రేయింబవళ్ళు ఏ సమయముననైన ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. వృద్ధుల ఇతర యిక్కట్లకు 14567 నంబరు గలదు.

ఇంటిలోని పిన్నవారు చేయదగినది ఒకటి మిగిలియున్నది. పెద్దవారి పాత మిత్రుల పేర్లను, ఊళ్ళను, ఫోను నంబర్లను వారినే అడిగి, పెద్ద అక్షరములతో ఒక కాగితముపై వ్రాసి, గోడకు అంటింపవలెను. పెద్దవారు జబ్బుపడి ఆసుపత్రిలో చేరిననాడు బంధువులతోబాటు ఆ కాగితము చూచి వారికిని ఫోను చేయవలెను. పదకొండవనాడు ముద్రించిన కార్డు పోస్టులో చేరుటవలన మాత్రమే చిన్ననాటి మిత్రుని మరణము తెలిసికొన్నవారు ఎందరో కలరు. రైలెక్కి వచ్చి కడసారి చూచుకొనుటకు వారికి రెండు దినముల ముందు ఒక్క ఫోను చాలియుండెడిది.